ఎత్తు హ్యాండిలు, పొడవు వైరు

మా కడియం వైపు నర్సరీలవాళ్ళు కొత్త మోటారు సైకిల్ కొంటే, దానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టిన వారం తిరక్కుండానే హ్యాండిలు మార్పించుకుంటారు. బండితో పాటు వచ్చే హ్యాండిలు పొట్టిది. మావాళ్ళు వెనక క్యారేజీ మీద ఎన్ని మొక్కలు కడతారో, ముందు పెట్రోలు ట్యాంకు మీద కూడా అన్ని పెట్టుకుంటారు. మట్టి సంచులతో ఉన్న గులాబీ మొక్కలు ముందుంటే, మలుపు తిప్పినప్పుడు పొట్టి హ్యాండిలు వెళ్ళి ఆ సంచులకు కొట్టుకుంటుంది. వేళ్ళకు ముళ్ళు దిగుతాయి. అందుకని ఎత్తుగా లేచి, కూర్చున్న మనిషి వైపు వెనక్కి వంగి ఉండే హ్యాండిలు వేయించుకుంటారు.

ఆ పనికి మా ఆయన దగ్గరికే వచ్చేవారు. కాలవ గట్టు మీద మాకు రేకుల షెడ్డు ఉండేది. నేను పొద్దున నర్సరీలో సంచులకు మట్టి నింపే పనికి వెళ్ళి, మధ్యాహ్నం ఆయనకు అన్నం పట్టుకుని షెడ్డుకు వెళ్ళేదాన్ని. ఎలాగూ వచ్చాను కదా అని పానాలు అందించేదాన్ని. అందిస్తూ అందిస్తూ విప్పడం వచ్చింది, తర్వాత బిగించడం వచ్చింది. ఆడమనిషి బండి విప్పుతోందని మొదట్లో దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. కొన్నాళ్ళకి వాళ్ళే వచ్చి, "అమ్మగారూ, మీరు ఖాళీయేనా?" అని అడగడం మొదలుపెట్టారు.

హ్యాండిలు మార్చడం గొప్ప పనేమీ కాదు. నాలుగు బోల్టులు విప్పితే పాతది ఊడుతుంది, నాలుగు బిగిస్తే కొత్తది కూర్చుంటుంది. అసలు పని వైర్లది. ఎడమచేతి కింద క్లచ్ వైరు, కుడిచేతి కింద యాక్సిలేటరు వైరు, ముందు బ్రేకుకి నూనె వెళ్ళే పైపు. ఇవన్నీ పొట్టి హ్యాండిలుకి కొలిచి పెట్టినవి. హ్యాండిలు ఎత్తయ్యేసరికి అవి చాలవు. లాగి కట్టేస్తే బండి నిలబడి ఉన్నప్పుడు ఏ తేడా తెలియదు. మలుపు తిప్పినప్పుడు తెలుస్తుంది. యాక్సిలేటరు వైరు బిగుసుకుని, ఎవరూ తిప్పకుండానే ఇంజను గొంతు పెంచుతుంది. క్లచ్ వైరు బిగుసుకుంటే, ఎవరూ నొక్కకుండానే క్లచ్ నొక్కుకుపోతుంది.

అందుకే మా ఆయనకి ఒక పద్ధతి ఉండేది. పని అయ్యాక బండి స్టార్టు చేసి, నన్ను హ్యాండిలు పట్టుకుని ఎడమకి చివరి దాకా, కుడికి చివరి దాకా నెమ్మదిగా తిప్పమనేవారు. తను పక్కన కళ్ళు మూసుకుని నిలబడేవారు. బండి గొంతు ఒక్క పిసరు మారినా ఒప్పుకునేవారు కాదు. మళ్ళీ విప్పడమే.

ఒకసారి ఒక గులాబీల రైతు ఓపిక పట్టలేకపోయాడు. "ఏంటండీ బాబూ, పెళ్ళికూతుర్ని చూసినట్టు ఎంతసేపు చూస్తారు?" అన్నాడు.

"పెళ్ళికూతుర్నైతే ముందునుంచి చూస్తే చాలండి. దీన్ని రెండు పక్కల నుంచీ చూడాలి," అన్నారు మా ఆయన.

"ఆయ్, నా బండేగా, నేను చూసుకుంటాలెండి," అని ఆ రైతు యాక్సిలేటరు వైరు మార్చనివ్వకుండానే ఎక్కి వెళ్ళిపోయాడు. గట్టు దిగే మలుపులో బండి దానంతట అదే ఊపందుకుని, తిన్నగా తన గులాబీ మడిలోకే దూకిందట. సాయంత్రం చేతుల నిండా ముళ్ళ గీతలతో బండి తోసుకుంటూ వచ్చాడు. మా ఆయన పానా తీసుకుని వైరు విప్పడం మొదలుపెట్టారు. నేను ఊరుకోలేదు. "ఏవండీ, మొక్కలు ఎలా ఉన్నాయి?" అన్నాను. "మీ దయ వల్ల అంట్లు కట్టక్కర్లేకుండానే కలిసిపోయాయండి," అన్నాడు. ఆ రోజు నుంచి అతని ఇంటి బండ్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. ఈ రైతు మళ్ళీ వస్తాడు కాబట్టి చెబుతున్నాను.

మా ఇంట్లో విప్పిన ఏ వైరూ బయటికి పోలేదు. పాత క్లచ్ వైర్లు నాలుగు కలిపి బట్టలారేసే తీగ కట్టాను. యాక్సిలేటరు వైర్లు ఆనపకాయ పందిరికి వాడాను. చిరిగిన ట్యూబుల్ని ఆయన సన్నటి రింగుల్లా కోసేవారు. కొత్త వైరు దేన్నైనా గుండ్రంగా చుట్టి దానికో రింగు వేసి మేకుకు తగిలించేవారు. మిగిలిన రింగులు నేను వంటింట్లో పప్పు పొట్లాలకీ, మిరపకాయల పొట్లాలకీ వేసుకునేదాన్ని.

కిందటేడు వినాయక చవితి వెళ్ళిన వారంలో ఆయనకి ఎడమవైపు పడిపోయింది. రాజమండ్రి ఆసుపత్రిలో పది రోజులు ఉన్నాం. మూతి సర్దుకుంది, కాలు చాలావరకు వచ్చింది. చెయ్యి సగమే వచ్చింది. మోచెయ్యి ముందుకు చాచలేకపోయేవారు. పంపించేటప్పుడు డాక్టరు గారు ఆయనతో కాకుండా నాతో చెప్పారు, "బండి ఊసు ఎత్తనివ్వకండమ్మా," అని.

షెడ్డు మూసేశాం. సామాను ఇంటికి తెచ్చి వసారాలో పేర్చాం. మా అబ్బాయి మొక్కల లారీ నడుపుతాడు. లోడు ఎక్కితే ఏ పదిహేను రోజులకో ఇంటికొస్తాడు. కోడలు నర్సరీలో అంట్లు కడుతుంది. నేనూ సగం పూట మట్టి పనికి వెళ్ళక తప్పదు. పగలు ఆయన ఒక్కరే ఇంట్లో. చేతికి బలం రావడానికి రబ్బరు బంతి నొక్కమని ఆసుపత్రిలో ఇచ్చారు. ఆయన బంతి పక్కన పడేసి, ఒక పాత క్లచ్ లీవరు మంచం పట్టెకు బిగించుకుని దాన్ని నొక్కేవారు. పడుకుని ఒకటే చప్పుడు, టక్, టక్.

మాఘమాసంలో ఒకరోజు నన్ను పిలిచారు.

"ఏమే, నా చెయ్యి ముందుకు చాచలేను గానీ, ఇక్కడ దాకా అయితే వస్తుంది," అని ఎడమచెయ్యి గుండెలకు ఎదురుగా పెట్టి చూపించారు. "నా బండికి ఎత్తు హ్యాండిలు వేస్తే అది వెనక్కి వంగి నా దగ్గరికే వస్తుంది. నేను చాచక్కర్లేదు."

"వచ్చి?"

"లాకుల దాకా వెళ్ళి, ఒక టీ తాగి వస్తాను. అంతేనే."

కాలవ లాకులు మా ఇంటికి ఎంతో దూరం లేవు. నాకు కాపురానికి వచ్చినప్పటి నుంచి తెలిసిన పని అది. తెల్లారగానే బండి మీద లాకుల దాకా వెళ్ళడం, అక్కడ టీ తాగడం, నీళ్ళు వదిలారా లేదా చూడడం, తిరిగి వచ్చి షెడ్డు తెరవడం. ఆసుపత్రి నుంచి వచ్చాక అది ఒక్కటే అడిగారు. ఇంకేమీ అడగలేదు. తినడానికి ఇది కావాలని కూడా అడగలేదు.

"నడిచి వెళ్ళండి, నేను కూడా వస్తాను," అన్నాను.

"నడిచి వెళ్ళి టీ తాగేవాడు వేరే మనిషే. భయమైతే నువ్వు వెనక కూర్చో. నేను జారితే నువ్వు పట్టుకో."

"ఇద్దరం కలిసి కాలవలో పడడానికా?"

"పడితే మాత్రం? నీళ్ళు మొలలోతే."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఒప్పుకున్నట్టే అయింది.

పని నేనే చేశాను. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతూ ఉన్నారు. చెప్పక్కర్లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా చెప్పనిచ్చాను. అద్దాలు తీశాను, గ్రిప్పులు లాగాను, స్విచ్చులు విప్పాను, పాత హ్యాండిలు దింపి కొత్తది కూర్చోబెట్టాను. అప్పుడు ఆయన్ని బండి మీద కూర్చోబెడితే ఎడమచెయ్యి తిన్నగా వెళ్ళి గ్రిప్పు మీద ఆగింది. అటూ ఇటూ వెతుక్కోలేదు. ఆయన మొహం నేను చూడలేదు, వంగి బోల్టు బిగిస్తున్నాను.

యాక్సిలేటరు వైరుని దారి మళ్ళించి పక్కనుంచి తీసుకెళ్తే చాలింది. బ్రేకు పైపు పొడవుది సామానులో దొరికింది. పైపు మార్చాక అందులో గాలి తియ్యాలి. గాలి ఉంటే బ్రేకు ఎంత నొక్కినా మెత్తగా దిగిపోతుంది గానీ బండి ఆగదు. అది ఇద్దరు చేసే పని. ఒకరు లీవరు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద మర విప్పి గాలి పోనిచ్చి మళ్ళీ బిగించాలి. లీవరు కుడిచేతిది కనుక ఆయనే నొక్కారు.

"పట్టుకున్నా."

"విప్పా."

"వచ్చిందా?"

"బుడగలు వస్తున్నాయి. బిగించా. మళ్ళీ నొక్కండి."

"పట్టుకున్నా."

అలా ఎన్నిసార్లో. మాకు ఇంకో మాట లేదు. సీసాలో బుడగలు ఆగిపోయి ఉత్త నూనె వచ్చాక లీవరు రాయిలా గట్టిపడింది. ఆయన, "చూశావా, మనకింకా వచ్చు," అన్నారు. మేమిద్దరం కలిసి చేసిన ఆఖరి పని అదే.

మిగిలింది క్లచ్ వైరు. హ్యాండిలు కుడికి తిప్పితే బిగుసుకుని లీవరుని లాగేస్తోంది. పొడవుది ఇంట్లో లేదు. పాత వైరు పట్టుకెళ్ళి, దానికంటే ఒక బెత్తెడు ఎక్కువ ఉన్నది రాజమండ్రిలో తెమ్మన్నారు. కుడిచేత్తో వైరు పట్టుకుని ఎడమచేత్తో బెత్తెడు చూపించబోతే నాలుగు వేళ్ళూ కలిసి తిన్నగా నిలబడలేదు. నా చెయ్యి లాక్కుని వైరు చివర పెట్టి, "నీ బెత్తెడు. సరిగ్గా ఇంత. ఎక్కువైనా ముడుచుకుపోతుంది," అన్నారు.

రాజమండ్రి దుకాణంలో వైరు ఉంది. దుకాణదారు పాతదాన్ని బల్ల మీద పరిచి, పక్కన కొత్తది పరిచాడు. నేను బెత్తెడు పెట్టి చూశాను. సరిపోయింది.

"అయ్యగారు మళ్ళీ బండెక్కుతున్నారా అండి?" అన్నాడు.

"ఆయ్," అన్నాను.

"గొప్ప గుండె అండి."

తిరుగు ఆటోలో కూర్చున్నాక ఆ మాట ఒళ్ళోని ప్యాకెట్టు కంటే బరువుగా అనిపించింది. దానికి రెండు రోజుల ముందు ఒకటి జరిగింది. ఆయన ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకుని కోడలితో ఏదో మాట్లాడుతున్నారు. గ్లాసు జారి కింద పడింది. పడిన చప్పుడు విన్నాకగానీ జారిందని ఆయనకి తెలియలేదు. చేతి వంక అలాగే చూస్తున్నారు. వేళ్ళు ఇంకా గ్లాసు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. వదిలేశానని ఆ చేతికే తెలియకపోతే, గట్టు మీద ఎదురుగా మొక్కల లారీ వచ్చినప్పుడు క్లచ్ ఎవరు పట్టుకుంటారు?

ఇంటికి వచ్చేసరికి వసారాలో కూర్చుని నా కోసం చూస్తున్నారు. బండి మీద దుమ్ము తుడిచి ఉంది.

"దొరికిందా?"

"లేదంటండి," అన్నాను.

"రాజమండ్రిలో లేదా?"

"పొడవుది లేదంట. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నాడు."

ఒక్క క్షణం నా సంచీ వంక చూశారు. సంచీలో పైన వంకాయలు ఉన్నాయి, కింద వైరు ఉంది. "సరేలే," అన్నారు.

మంచం కింద నా పెట్టెలో పాత చీరలు ఉంటాయి. బొంతలు కుట్టడానికి దాచినవి. వైరుని ప్యాకెట్టుతోనే వాటి మధ్యలో పెట్టేశాను.

నేను నోరు కట్టుకునే మనిషిని కాదు. ఇంట్లో ఎవరికి ఏది వద్దనాలన్నా మొహం మీదే అంటాను. మా అబ్బాయి అందుకే నా మీద అలిగి రెండేళ్ళు మాట్లాడలేదు. అలాంటిదాన్ని, "మీ చెయ్యి పనికిరాదండి, బండి వద్దు," అని ఆయనతో అనలేకపోయాను. నాకు పానా పట్టుకోవడం నేర్పిన చెయ్యి అది. దాని గురించి ఆ మాట నా నోటితో రాలేదు. అబద్ధమైతే తేలిగ్గా వచ్చింది.

తర్వాత వారానికోసారి అడిగేవారు. "అటు వెళ్తే ఒకసారి కనుక్కో." "అలాగేనండి." "ఫోను చేసి అడగనా?" "నేను చెప్పి వచ్చానుగా, రాగానే కబురు చేస్తాడు." సాయంత్రాలు బండి ఎక్కి స్టాండు మీదే కూర్చునేవారు. హ్యాండిలు ఎడమకి, కుడికి తిప్పేవారు. కళ్ళు మూసుకునేవారు. ఇంజను ఆపే ఉండేది, మరి ఏం వినేవారో.

ఎండలు ముదిరాక ఒకరోజు నేను మట్టి పని నుంచి వచ్చేసరికి వసారా గచ్చు మీద, బట్టల తీగ కింద, అరచెయ్యంత నూనె మరక ఉంది. చెత్తబుట్టలో చూస్తే పాల ప్యాకెట్టు మూల కత్తిరించి పడేసి ఉంది. పాల ప్యాకెట్లు నేను కడిగి దాచుకుంటాను, మొక్కల విత్తనాలు పోసుకోవడానికి. నాకు ఒళ్ళు మండింది.

"ఏవండీ, ఏంటిది? కొన్న నూనె గచ్చు పాలు చేశారా? పైగా పాల ప్యాకెట్టు కూడా కోసేశారు!"

"ఏదో పని చేద్దామనుకున్నాను," అన్నారు.

"ఏం పని?"

"చెయ్యి ఎంత వరకు పనిచేస్తుందో చూసుకున్నాను."

"చూసుకున్నారా? ఒలకబొయ్యడానికి బాగానే పనిచేస్తోంది."

ఆయన నవ్వారు. "బాగా అన్నావే," అన్నారు. నేను ఆ పూటే గచ్చు మీద బూడిద పోసి, ఇటుక ముక్కతో రుద్ది, మరక పోయేదాకా కడిగాను. కడుగుతున్నంతసేపూ సణుగుతూనే ఉన్నాను. ఆయన మంచం మీద కూర్చుని నన్ను చూస్తూ ఉన్నారు. మధ్యలో ఒకసారి, "పోనీలేవే, వదిలెయ్. ఎండకి అదే పోతుంది," అన్నారు.

ఆ తర్వాత ఆయన వైరు గురించి అడగలేదు. అడగడం మానేశారని అప్పుడు నేను గమనించలేదు. గమనించినా, విసుగెత్తిందనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే గులాబీల రైతు చూడ్డానికి వచ్చాడు. బండి చూసి, "ఏంటండోయ్, మీరూ ఎత్తు హ్యాండిలు వేశారే! ఎప్పుడు బయలుదేరుతున్నారు?" అన్నాడు.

"క్లచ్ వైరు లేదండి. పొడవుది రాజమండ్రిలో దొరకలేదంట."

"ఎంత మాటండి. రేపు రామచంద్రపురం వెళ్తున్నాను. అక్కడ అడిగి పట్టుకొస్తానుండండి."

వంటింటి గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను.

"వద్దులెండి," అన్నారు మా ఆయన. "అక్కడ కూడా లేదంట. మా ఆవిడ కనుక్కుంది."

నేను రామచంద్రపురంలో కనుక్కోలేదు. కనుక్కున్నానని చెప్పలేదు కూడా. ఆయన మరిచిపోయి కలిపేసుకున్నారనుకున్నాను. గండం గడిచిందని నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

వానలు ఇంకా పడలేదు. జ్యేష్ఠంలో ఒకరోజు తెల్లవారి టీ పట్టుకెళ్ళి పిలిస్తే పలకలేదు. గోడ వైపు తిరిగి ఉన్నారు. ఎడమచెయ్యి మంచం పట్టెకు ఉన్న లీవరు మీద ఉంది. అది నిద్రలో పెట్టుకున్నదో, తెల్లవారి లేచి నొక్కుతూ ఉండగా జరిగిందో నాకు తెలియదు. నేను రెండు చేతులతో తీయబోతే వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. వదిలేసే చెయ్యి అని నేను భయపడ్డ చెయ్యే.

కార్యక్రమాలన్నీ అయ్యాక మా అబ్బాయి లోడు ఎక్కే ముందు అన్నాడు, "అమ్మా, నాన్న బండి వానకి తుప్పు పట్టిపోతుంది. ఎవరికైనా ఇచ్చేద్దాం. గులాబీల ఆయన అడిగాడు, హ్యాండిలు వాళ్ళకి సరిపోతుందంట." నేను సరేనన్నాను. వస్తువు ఊరికే పడి ఉండడం నాకు ఇష్టం ఉండదు. "కానీ క్లచ్ వైరు వెయ్యకుండా ఇవ్వను," అన్నాను. ఆయన చేతి కింద నుంచి సగం పని అయిన బండి ఎప్పుడూ బయటికి పోలేదు.

"పొడవుది దొరకదన్నావుగా?"

"ఉంది," అన్నాను. అబ్బాయి నా మొహం వంక చూశాడు. లారీకి వేళయింది, వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కోడలు నిద్రపోతుండగా పెట్టె లాగాను. చీరల మధ్య చెయ్యి పెడితే ప్యాకెట్టు చప్పుడు కాలేదు. వేళ్ళకి మెత్తగా, చల్లగా తగిలింది. బయటికి తీశాను.

వైరు గుండ్రంగా చుట్టి ఉంది. దానికి ట్యూబు రింగు వేసి ఉంది. రెండు చివర్లకీ నా పాత నీలం చీర అంచు చింపి చిన్న చిన్న పీలికలు కట్టి ఉన్నాయి, నూనె చీరలకు అంటకుండా. దుకాణం ప్యాకెట్టు నాలుగు మడతలు పెట్టి అడుగున ఉంది. పెట్టెలో నేను ఎక్కడ పెట్టానో అక్కడే, అదే చీర కిందే పెట్టారు.

కొత్త వైరు పొడిగా వస్తుంది. బిగించే ముందు దానికి నూనె తాగించాలి. నిలువుగా వేలాడదీసి, పై చివరకు ప్లాస్టిక్ గరాటు కట్టి, చుక్క చుక్క పోస్తూ, కింద చివర నుంచి నూనె కారేదాకా కూర్చోవాలి. తొందరపడితే దిగదు. రెండు చేతులున్న మనిషికే ఒక పూట పడుతుంది. ఆయన బట్టల తీగకు వేలాడదీశారు. పాల ప్యాకెట్టు మూలని గరాటు చేశారు. కింద గచ్చు మీద కారింది ఆ నూనే.

పెట్టె ముందు అలాగే కూర్చున్నాను. ఎప్పుడు వెతికారో, ఎలా దొరికిందో తెలియదు. పగలంతా ఒక్కరే ఉండే మనిషికి ఇంట్లో ఏ మూల ఏముందో తెలియకుండా ఉంటుందా. వైరు చేతిలో ఉంది. ఎవరికి ఫోను చేసినా వచ్చి గంటలో బిగించి వెళ్ళేవారు. నేను ఇంటికి వచ్చేసరికి లాకుల దాకా వెళ్ళి టీ తాగి వచ్చి కూర్చునేవారు. చెయ్యలేదు. నూనె తాగించి, చుట్టి, రింగు వేసి, తిరిగి నా చీరల్లో పెట్టారు. ఎప్పుడైనా నేనే తీసి బిగిస్తానని అనుకున్నారేమో. లేక చెయ్యి ఎంతవరకు పనిచేస్తుందో ఆ పూట చూసుకుని, నేను ఎందుకు దాచానో తెలుసుకున్నారేమో. ఆ తర్వాత పోయేదాకా నా ముందు ఏమీ తెలియనట్టే ఉన్నారు. రైతు తెస్తానంటే నా అబద్ధానికి ఇంకో ఊరు కూడా కలిపారు.

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనను. ఆ చేతిని మళ్ళీ చూసినా బండి ఇవ్వను. కానీ ఎదురుగా కూర్చోబెట్టి, "నాకు భయంగా ఉందండి," అని ఉంటే ఏం చేసేవారో నాకు ఇప్పుడు తెలుసు. సరేలే అనేవారు. ఆ మాట నన్ను అననివ్వలేదు నా నోరు. నోరున్న మనిషినని పేరు.

సాయంత్రం వైరు బిగించాను. బిగించాక హ్యాండిలు తిప్పడానికి కోడల్ని పిలిచాను.

"ఎటు తిప్పను అత్తయ్యా?"

"ఎడమకి. చివరి దాకా. నెమ్మదిగా. ఇప్పుడు కుడికి."

ఇంజను తిరుగుతోంది. నేను పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నాను. ఎడమకి మారలేదు. కుడికి మారలేదు. లీవరు దగ్గర ఉండాల్సినంత ఖాళీ ఉంది, అంతకు ఎక్కువ లేదు, తక్కువ లేదు. నా బెత్తెడు సరిగ్గా సరిపోయింది.

"సరిపోయిందా అత్తయ్యా?" అంది కోడలు. "ఏంటి, అలా ఉన్నారేంటి?"

"ఆపెయ్. పెట్రోలు దండగ," అన్నాను.

మర్నాడు ఉదయం గులాబీల రైతు వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూశాడు. "అమ్మగారు, మీరే బిగించారా? ఇంక నేను చూసేదేముందండి," అన్నాడు.

"చూడాలి. లాకుల దాకా వెళ్ళి రండి. బాగుందంటేనే తీసుకెళ్ళండి."

"అయితే మీరూ రండమ్మా, వెనక కూర్చోండి. ఇట్టే వెళ్ళి ఇట్టే వచ్చేద్దాం."

"నాకు పనుంది," అన్నాను.

వెళ్ళాడు. మా వీధి మలుపు తిరగడం విన్నాను. గట్టు ఎక్కడం విన్నాను. గట్టు మీద గేరు మార్చిన చప్పుడు వచ్చింది, మెత్తగా, ఎక్కడా పట్టుకోకుండా. తర్వాత కాలవ వెంబడి చిన్నదవుతూ పోయి లాకుల దగ్గర ఆగింది. అక్కడ టీ తాగుతున్నాడో ఏమో, కాస్త ఆలస్యమైంది. నలభై ఏళ్ళు ఆ చప్పుడు వెళ్ళడం, రావడం వింటూనే పొయ్యి వెలిగించేదాన్ని. ఆ రోజు కూడా అది తిరిగి గట్టు దిగుతుండగా చెయ్యి దానంతట అదే టీ గిన్నె కోసం వెళ్ళింది.

"బ్రహ్మాండంగా ఉందండి," అన్నాడు వచ్చి. బండి తీసుకెళ్ళాడు.

నేను వసారాలోకి వచ్చి బట్టల తీగ కింద వంగి గచ్చంతా చూశాను. నూనె మరక ఎక్కడా లేదు. నేను కడిగితే అలాగే ఉంటుంది. పక్కనున్న గచ్చు కంటే ఆ మేర తెల్లగా ఉంది.

కోడలు వంటింట్లోంచి, "అత్తయ్యా, ఇక్కడ ట్యూబు రింగు ఒకటి ఉంది, కందిపప్పు పొట్లానికి వేసెయ్యనా?" అంది.

"వద్దు," అన్నాను. "దాన్ని అలా ఉండనీ."